దిరిసెన పట్ట గుణం నిజమే, ఇన్హేలర్ మానేయమనడమే తప్పు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో ఈ మధ్య ‘ఉబ్బసానికి దిరిసెన పట్ట’ అని ఒక చిన్న బాక్స్ వేశారు. దిరిసెన చెట్టు బెరడు తెచ్చి నీళ్ళలో మరగబెట్టి పరగడుపున తాగితే ఉబ్బసం పూర్తిగా పోతుందని, ఆపైన ఇన్హేలర్లతో పనే ఉండదని అందులో ఉంది. కింద రాసినవారి పేరు లేదు. బెరడు ఎంత వేయాలి, నీళ్ళు ఎన్ని పోయాలి, పిల్లలకు ఎంత ఇవ్వాలి, ఎవరు తాగకూడదు, అసలు దిరిసెన చెట్టును ఎలా గుర్తుపట్టాలి, ఇవేవీ లేవు. ఉన్నవి నాలుగు వాక్యాలే. వాటిని ఎవరో ఫోటో తీసి మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. ఆ తర్వాత ఇక్కడ ఏం జరిగిందో మీకూ మీ పాఠకులకూ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైంది. అయినా కత్తిరించకుండా వేయమని కోరుతున్నాను. సగం చెప్పి వదిలేయడం వల్లే కదా ఇంత తంటా వచ్చింది.

మాది మార్కాపురం. ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. జనానికి మాత్రం నేను కాంపౌండరమ్మనే. చీటీ చూసి చూర్ణం తూచి పొట్లం కట్టడం, పులియబెట్టి చేసిన అరిష్టం మందును సీసాలోకి కొలిచి పోయడం, ఏది అన్నానికి ముందు, ఏది తర్వాత, ఏది తేనెతో, ఏది వేణ్ణీళ్ళతో అని చదువురాని వాళ్ళకు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపడం నా పని. కాబట్టి మూలికలంటే చిన్నచూపుతో రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. దిరిసెన పట్ట మీద నాకు గురి ఉంది. గురి ఉంది గనుకే దాని గురించి ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తుంటే బాధగా ఉంటుంది.

ముందు దానిలోని మంచే చెప్తాను. చరక సంహితలో ఏ పనికి ఏది శ్రేష్ఠమో వరసగా చెప్పిన చోట, విషాన్ని విరిచేవాటిలో శిరీషం మేలైనదని ఉంది. శిరీషమంటే మన దిరిసెనే. అదే గ్రంథంలో ఎక్కిళ్ళకూ ఆయాసానికీ చికిత్స చెప్పిన అధ్యాయంలో దిరిసెన పూల రసాన్ని పిప్పలి, తేనె కలిపి ఇమ్మన్నారు. ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉన్నది శిరీషారిష్టం. దిరిసెన పట్ట కషాయంలో బెల్లం, పిప్పలి, శొంఠి, ఏలకులు, పసుపు, మానుపసుపు, నాగకేసరాల వంటివి వేసి పులియబెట్టి చేస్తారు. మా డిస్పెన్సరీలో దీన్ని సమానంగా నీళ్ళు కలుపుకుని భోజనం తర్వాత తాగమని ఇచ్చేవాళ్ళం. కంది నూర్పిళ్ళప్పుడు దుమ్ముకు తుమ్ములు పట్టుకునేవాళ్ళు, మబ్బు పడితే చాలు ముక్కు కారి, ఒళ్ళంతా దద్దుర్లు లేచేవాళ్ళు, చలికాలం తెల్లవారుజామున కొద్దిగా పిల్లికూతలు వచ్చేవాళ్ళు, ఇలాంటి వాళ్ళకు డాక్టరుగారు రాసేవారు. సీజను రాకముందే మొదలుపెట్టి వరసగా వాడినవాళ్ళలో చాలామంది ఆ ఏడాది తేలిగ్గా గడిచిందని వచ్చి చెప్పేవాళ్ళు. ఇది నేను కౌంటర్ దగ్గర నిలబడి విన్న మాట. పరిశోధన అని చెప్పుకోను.

పరిశోధన సంగతి వేరే ఉంది. 1979లో కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ఈ పట్ట కషాయాన్ని ఎలుకల మీద పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. మన ముక్కు పొరల్లో, ఊపిరి గొట్టాల్లో, చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి. ఒంటికి పడని దుమ్మో పుప్పొడో తగిలితే అవి తమలో దాచుకున్న హిస్టమిన్ లాంటి రసాయనాలను వదిలేస్తాయి. తుమ్ములు, దురద, గొట్టాలు బిగుసుకుపోవడం అక్కడే మొదలవుతాయి. కషాయం ఇచ్చిన ఎలుకల్లో ఆ కణాలు అంత తేలిగ్గా విచ్చుకోలేదు. అప్పటికే అలోపతిలో అదే పనికి వాడుతున్న క్రోమోగ్లైకేట్ అనే మందుతో దీన్ని పోల్చి చూశారు. తర్వాత జామ్‌నగర్‌లోని ఆయుర్వేద విశ్వవిద్యాలయంలో పట్టతోనూ, లోపలి కలపతోనూ విడివిడిగా అరిష్టం చేసి ఉబ్బసం రోగులకు ఇచ్చి ఫలితం చూశారు. అవన్నీ కొద్దిమందితో చేసినవే. ఆసక్తి పుట్టించేవే గానీ, ఇన్హేలర్ పక్కన పడేసి ఇది తాగమని చెప్పేంత బలం వాటికి లేదు.

క్రోమోగ్లైకేట్ పేరు ఎత్తాను కాబట్టి దాని కథ కూడా చెప్పాలి, అసలు విషయం అందులోనే ఉంది. దాని మూలం కూడా మొక్కే. ఈజిప్టు వైపు కెల్లా అనే మొక్క గింజల్ని పాతకాలం నుంచి మందుగా వాడేవాళ్ళు. వాటిలోని ఖెల్లిన్ అనే పదార్థం నుంచి మొదలుపెట్టి రసాయన శాస్త్రజ్ఞులు ఎన్నో రకాల మందులు తయారుచేశారు. బ్రిటన్‌లో రోజర్ అల్టౌన్యన్ అనే డాక్టరు, ఆయన స్వయంగా ఉబ్బసం రోగి, తనకు పడని పదార్థాన్ని పీల్చి తనకు తానే ఆయాసం తెప్పించుకుంటూ ఒక్కో మందూ తన మీదే పరీక్షించుకున్నారు. అలా 1965లో తేలినదే క్రోమోగ్లైకేట్. ఆ మందు ముందుగా పీల్చి ఉంటేనే పనిచేస్తుంది. గొట్టాలు బిగుసుకున్నాక దాన్ని ఎంత పీల్చినా అవి తెరుచుకోవు. దిరిసెన పట్టకు పరిశోధనలో కనిపించిన గుణం కూడా ఈ దారిదే. రాబోయే ఎగశ్వాసను కొంత తగ్గిస్తుందేమో గానీ, వచ్చి కూర్చున్నదాన్ని దించే మందు కాదు. మీ బాక్స్‌లో ఈ ఒక్క ముక్క ఉండి ఉంటే నేను ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు.

మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడొకడికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పిల్లల డాక్టరు రోజూ పొద్దునా రాత్రీ పీల్చడానికి ఒక పంపు (ఇన్హేలర్), ఎగపోసినప్పుడు వాడడానికి నీలం పంపు ఇచ్చారు. వాడినన్నాళ్ళూ బడిలో కబడ్డీ కూడా ఆడాడు. మీ పేపర్లో చదివి వాళ్ళమ్మ రోజువారీ పంపు ఆపేసింది. ‘అందులో స్టెరాయిడ్ ఉందంటక్కా, అలవాటైపోతుందంట. ఇదైతే చెట్టుమందే కదా’ అని తర్వాత నాతో చెప్పింది. ఆ తల్లిని నేను తప్పుపట్టను. బిడ్డకు జన్మంతా పంపు తప్పదేమోనన్న టెన్షన్‌తో బతికే తల్లులను కౌంటర్ అవతల నేను ఎంతమందినో చూశాను. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేపమందు కోసం పిల్లల్ని ఎత్తుకుని క్యూలో నిలబడేది కూడా ఇలాంటివాళ్ళే. వాళ్ళ ఆశతో ఆడుకునే హక్కు ఎవరికీ లేదు.

రోజూ వాడే మందు ఆపితే మర్నాడే ఏమీ కాదు. జనం మోసపోయేది అక్కడే. మందు ప్రభావం కొన్నాళ్ళు నిలుస్తుంది. ఆ కొన్నాళ్ళూ కషాయమే పనిచేస్తోందని అనిపిస్తుంది. లోపల గొట్టాల వాపు మాత్రం మెల్లగా పెరుగుతూ ఉంటుంది.

ఒకరోజు అర్ధరాత్రి దాటాక ఆమె వచ్చి మా తలుపు కొట్టింది. నేను వెళ్ళేసరికి పిల్లవాడు మంచం అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగి ఉన్నాడు. భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. పేరు పెట్టి పిలిస్తే కళ్ళెత్తి చూశాడే తప్ప నోట మాట రాలేదు. ‘ఇందాకటి దాకా కూతలు బయటికి వినబడ్డాయక్కా. ఇంకో గ్లాసు కషాయం పట్టించా, ఇప్పుడు కూతలు తగ్గాయి’ అంది తల్లి. నాకు కాళ్ళు వణికాయి. పిల్లికూత రావాలన్నా గొట్టాల్లో కాస్తయినా గాలి ఆడాలి. ఆయాసం అలాగే ఉండి కూతలు మాత్రం ఆగిపోయాయంటే తగ్గినట్టు కాదు, గాలి ఆడడమే లేదని అర్థం. అది అన్నిటికన్నా ప్రమాదం. ఆస్తమా రోగి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలిసి ఉండాలి.

అదృష్టం బాగుండి నీలం పంపు, దానికి తగిలించి మందు పీల్చే స్పేసరు గొట్టం బీరువాలో ఉన్నాయి. స్పేసరుకు పంపు తగిలించి ఒక్కో పఫ్ ఇస్తూ, అతను నాలుగైదుసార్లు ఊపిరి తీసుకున్నాక ఇంకో పఫ్ ఇస్తూ, ఆటోలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆక్సిజన్ పెట్టి, నెబులైజర్ పెట్టి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. మర్నాడు మధ్యాహ్నానికి లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు. అందరి పిల్లలకూ నీలం పంపు బీరువాలో ఉండదు, పక్కింట్లో కాంపౌండరూ ఉండదు.

స్టెరాయిడ్ అన్న మాటకు జనం ఎంత భయపడుతున్నారో నాకు తెలుసు. రోజువారీ పంపులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అంటే గ్రాములో పదిలక్షల వంతు లెక్కన. నేరుగా గొట్టాల్లోకి పోయి పనిచేస్తుంది కాబట్టే అంత తక్కువ సరిపోతుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఊసేస్తే నోటిపూత బెడద కూడా చాలావరకు ఉండదు. మత్తుమందులా అలవాటయ్యేది కాదు. ఉబ్బసం మీద అంతర్జాతీయంగా అనుసరించే మార్గదర్శకాల్లో 2019 నుంచి, ఎగపోసినప్పుడు పీల్చే పంపు ఒక్కదానితో సరిపెట్టుకోవద్దని, వాపు తగ్గించే మందు కూడా తప్పకుండా ఉండాలని పెద్దలకూ, ఎదిగిన పిల్లలకూ చెబుతున్నారు. మా డిస్పెన్సరీలో డాక్టరుగారు శిరీషారిష్టం రాసేటప్పుడు కూడా ‘ఇంగ్లీషు మందు ఏం వాడుతున్నావు’ అని అడిగి, ‘అది ఆపొద్దు, తగ్గించాలంటే రాసిన డాక్టరే తగ్గించాలి’ అని చెప్పేవారు. ఆయుర్వేదం చదువుకున్న మంచి డాక్టరు ఎవరైనా చెప్పేది అదే.

ఇంకో సంగతి. ఆయాసాలన్నీ ఉబ్బసం కావు. మా ఊరు పలకలకు పేరు. బడిపిల్లలు రాసుకునే రాతి పలకలు ఇక్కడి నుంచే దేశమంతా వెళ్ళాయి. గనిలో రాయి తీసేటప్పుడు, మిషన్ మీద కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో దిగబడి లోపల మచ్చలు కట్టేస్తుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. కట్టిన మచ్చను కరిగించే మందు ఆయుర్వేదంలోనూ లేదు, అలోపతిలోనూ లేదు. దుమ్ములో నుంచి మనిషిని బయటికి తేవడం, ఉన్న ఊపిరిని కాపాడుకోవడం, ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడమే చేయగలిగింది. పైగా ఈ జబ్బు ఉన్నవాళ్ళకు టీబీ తేలిగ్గా అంటుకుంటుంది. అలాంటి పలకల కార్మికుడొకాయన, నాలుగు మెట్లెక్కితే నిలబడి ఊపిరి తీసుకునే మనిషి, మీ బాక్స్ ఫోటో ఫోన్‌లో చూపించి ‘ఇది తాగితే తగ్గుద్దా అమ్మా’ అని అడిగాడు. దగ్గు ఎన్నాళ్ళ నుంచి అంటే సంక్రాంతి ముందు నుంచి అన్నాడు. కళ్ళె పరీక్ష చేయించావా అంటే లేదు, కషాయం తాగుతున్నాను కదా అన్నాడు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించాలి, ప్రభుత్వాసుపత్రిలో పరీక్షా మందులూ ఉచితమే అని చెప్పి పంపాను. ఎన్ని ఇళ్ళలో ఇలా కషాయం పేరుతో పరీక్ష వాయిదా పడుతోందో! కట్టెల పొయ్యి దగ్గర జన్మంతా పొగ మింగిన ఆడవాళ్ళ ఆయాసం వేరు, గుండె నీరసించి రాత్రి పడుకోగానే వచ్చే ఆయాసం వేరు. అన్నిటినీ ఉబ్బసం అనే ఒక్క మాటలో కట్టి ఒక పట్ట ముక్క చేతిలో పెడితే ఎలా?

సరే, ఉబ్బసమే, అదీ కొద్దిపాటిదే అనుకుందాం. తెచ్చిన పట్ట దిరిసెనదేనా? మీ బాక్స్ తర్వాత నాకు చూపించడానికి తెచ్చిన ముక్కల్లో నిద్రగన్నేరు పట్ట ఉంది, తెల్ల చిందుగ పట్ట ఉంది. రోడ్ల పక్కన గొడుగులా విస్తరించి, గులాబీరంగు కుచ్చుపూలు పూసే చెట్టు నిద్రగన్నేరు. దాని కాయ నల్లగా మందంగా ఉంటుంది, లోపల బంకగా తియ్యటి గుజ్జు ఉంటుంది, మేకలు ఇష్టంగా తింటాయి. దిరిసెన పూలూ కుచ్చులే గానీ లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, తర్వాత పసుపు తిరుగుతాయి, సాయంత్రం పూట మంచి వాసన. కాయలు జానెడు పైన పొడవు, బల్లపరుపుగా, పల్చగా, ఎండుగడ్డి రంగులో ఉంటాయి. ఆకు రాలిన ఎండల్లో చెట్టునిండా వేలాడుతూ గాలికి గలగలమంటాయి. ఆ చప్పుడు విన్నవాళ్ళు మళ్ళీ పొరబడరు. చిందుగ మాను నున్నగా పాలిపోయినట్టు ఉంటే, దిరిసెన మాను బూడిద గోధుమ రంగులో పగుళ్ళు బారి గరుకుగా ఉంటుంది. ఒలిస్తే లోపలి పొర ఎర్రగా కనిపిస్తుంది. నాలుక మీద పెడితే వగరు పట్టేస్తుంది. మరగబెట్టి చల్లారిన కషాయాన్ని సీసాలో పోసి ఊపితే సబ్బునీళ్ళలా నురగ కడుతుంది, ఎంతసేపటికీ అణగదు. సపోనిన్లు అనే పదార్థాలుండడం వల్ల అలా అవుతుంది. ఇవే మోతాదు మించితే కడుపులో తిప్పి, వాంతులు, విరేచనాలు పట్టించేవి కూడా.

కషాయానికి కూడా ఒక పద్ధతి ఉంది. పట్టను నీడన ఎండబెట్టి, బరకగా దంచి, ఇలాంటి గట్టి ద్రవ్యాలకు పదహారు పాళ్ళు నీళ్ళు పోసి, మూత పెట్టకుండా సన్నటి సెగ మీద నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో దింపి వడకట్టాలి. ఏ పూటకాపూట కాచుకోవాలి. నిన్నటిది ఈ రోజు తాగకూడదు. మా వీధి తల్లి ఏం చేసిందంటే, అరచేతి వెడల్పు పచ్చి పట్ట ముక్కలు కుక్కర్లో వేసి కూతలు పెట్టించి, ఆ నీళ్ళు ఫ్లాస్కులో పోసి రెండు రోజులు పట్టించింది. పేపర్లో ఎలా కాయాలో లేదు, మరి ఆమె మాత్రం ఏం చేస్తుంది?

మోతాదు ఎంతో ఈ ఉత్తరంలో రాయను. కావాలనే రాయడం లేదు. అది వయసునూ బరువునూ ఇతర జబ్బులనూ చూసి డాక్టరు చెప్పాల్సింది. గర్భిణులు, గర్భం కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు సొంతంగా దీని జోలికి పోకపోవడమే మంచిది. మగవాళ్ళకూ ఒక మాట. జైపూర్‌లోని రాజస్థాన్ విశ్వవిద్యాలయంలో ఎలుకలకు ఈ పట్ట సారం ఇచ్చి చూస్తే వీర్యకణాలు తగ్గాయని 2006లో ప్రచురించారు. మనుషుల్లోనూ అంతేనని కాదు గానీ, చెట్టుమందు కదా, ఏమీ చేయదు అనేవాళ్ళు అది గుర్తుపెట్టుకోవాలి. శిరీషారిష్టంలో బెల్లం ఉంటుంది కాబట్టి షుగరు ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. పులిసినది కనుక కొద్దిగా ఆల్కహాలూ ఉంటుంది, పిల్లలకు ఇచ్చేముందు అడగాలి.

ఇక చెట్ల సంగతి. ఇది రాస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. కంభం వెళ్ళే రోడ్డు పక్కన పాత దిరిసెన చెట్లు కొన్ని ఉన్నాయి. మీ బాక్స్ వచ్చాక కొడవళ్ళు, గొడ్డళ్ళు పట్టుకుని మనుషులు వాటి మీద పడ్డారు. చెయ్యి అందినంత ఎత్తు వరకు, మాను చుట్టూ ఒలిచేశారు. ఒక చెట్టు దగ్గర నేను ఆగి చూశాను. మోకాళ్ళ నుంచి తల ఎత్తు దాకా చుట్టూ ఎక్కడా వేలెడు పట్ట కూడా మిగల్లేదు. తెల్లటి కర్ర బయటపడి, అప్పుడే అంచుల్లో నల్లబడి, ఎర్రటి బంక కారి చీమలు పట్టి ఉంది. పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఒలుచుకుంటున్నాయన ‘ఏం కాదమ్మా, పట్ట మళ్ళీ వస్తది’ అన్నాడు. చుట్టూ ఒలిస్తే రాదు. ఆకులు చేసిన ఆహారం వేళ్ళకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. నీళ్ళు పైకెక్కేది కర్రలో నుంచి గనుక ఆకు కొన్నాళ్ళు పచ్చగానే కనిపిస్తుంది. కింద వేళ్ళు తిండి లేక మాడి, చెట్టు మెల్లగా చచ్చిపోతుంది. ఎండిపోయాక అందరూ ఎండల వల్లే అనుకుంటారు.

పట్ట తీయడానికీ పద్ధతి ఉంది. చరక సంహితలోని కల్పస్థానం అనే భాగంలోనే పట్టలు, దుంపలు, పాలు శరదృతువులో తీయమని ఉంది. అంటే ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో. మనవాళ్ళు తీసింది మండుటెండల్లో. మాను ముట్టుకోకుండా కొమ్మల నుంచి తీయాలి. మాను నుంచే తీయక తప్పకపోతే నిలువుగా సన్నటి పట్టీ, అదీ ఒకవైపే, లోపలి కర్రకు గాటు పడకుండా తీయాలి, గాయం మానేదాకా మళ్ళీ ఆ చెట్టును ముట్టుకోకూడదు. 2000లో ఏర్పడిన జాతీయ ఔషధ మొక్కల బోర్డు మూలికలు సేకరించేవాళ్ళకు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. నల్లమల పక్కనే ఉన్నాం కదా అని అడవిలోకి వెళ్ళేవాళ్ళకు ఒక హెచ్చరిక, అది పులుల అభయారణ్యం. అక్కడ చెట్టు పట్ట కొడితే కేసవుతుంది, కావాలి కూడా.

దీనికి తేలికైన దారి ఒకటి మన కళ్ళముందే ఉంది. ఏటా కరెంటు వాళ్ళు తీగలకు తగులుతున్నాయని రోడ్ల పక్క కొమ్మలు నరికి పడేస్తారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మానులకు మానులే పడిపోతాయి. అవన్నీ పొయ్యిలోకి పోతున్నాయి. ఆయుష్ శాఖ, పంచాయతీలు ఒక మాట అనుకుని ఆ కొమ్మల పట్ట ఒలిపించి, నీడన ఎండబెట్టి, డిస్పెన్సరీల్లో గుర్తింపు సరిచూసి నిల్వ పెడితే, నిలబడి ఉన్న చెట్టు మీద ఒక్క కత్తి పడకుండా అవసరానికి సరిపడా దొరుకుతుంది. మా సర్వీసులో ఒక డాక్టరుగారు ఈ పని సొంత చొరవతో చేయించారు. పాత గోనెపట్టాల మీద డిస్పెన్సరీ వరండాలోనే ఆరబెట్టేవాళ్ళం. అరలో పెట్టిన ప్రతి డబ్బా మీద చెట్టు పేరు, తీసిన చోటు, తీసిన నెల రాసి అతికించే పని నాది. ఇప్పుడు కొనుక్కొచ్చే పట్ట మీద ఏ చెట్టుదో, ఎప్పటిదో ఏమీ ఉండదు.

చివరగా మీకు నా విన్నపం. వైద్యం చిట్కాలు వేసేటప్పుడు రాసినవారి పేరు, చదువు వేయండి. మోతాదు చెప్పలేని చిట్కాను వేయకండి. వాడుతున్న మందు మానేయమనే వాక్యం ఎక్కడున్నా కొట్టేయండి, ఎంత పెద్ద వైద్యుడు రాసినా సరే. ఒలిచిన చెట్లలో చుట్టూ కాకుండా ఒకవైపే దెబ్బతిన్నవి కొన్ని ఉన్నాయి, అటవీ శాఖ వారో మున్సిపాలిటీ వారో వచ్చి చూస్తే వాటినైనా కాపాడొచ్చు. మీ విలేకరి ఎవరినైనా పంపితే దగ్గరుండి చూపిస్తాను.

ఈ ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోతే ఈ నాలుగు ముక్కలైనా వేయండి, అదే ఆదివారం పేజీలో, అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో: దిరిసెన పట్ట ఎగశ్వాసను దించే మందు కాదు. రోజువారీ ఇన్హేలర్ రాసిన డాక్టరును అడగకుండా ఆపొద్దు. మనిషి మాట పూర్తి చేయలేకపోతే, గొంతు కింద గుంట పడుతుంటే, ఆయాసం ఉండగానే కూతలు ఆగిపోతే నీలం పంపు ఇస్తూ వెంటనే 108కి ఫోన్ చేయండి. చెట్టు చుట్టూ పట్ట ఒలవొద్దు.

ఇట్లు
విశ్రాంత ఆయుర్వేద ఫార్మసిస్టు,
మార్కాపురం